బల్లమీది భూమి ఎవరిది?

బొమ్మల యుద్ధాలు ఆడేవారిలో ఈ మధ్య ఒక వాదం బలపడుతున్నది. ఆటకు కావలసిన కొండలూ గోడలూ చేత్తో కట్టుకోవడం పాతకాలపు చాదస్తమనీ, కంపెనీ అమ్మే ప్లాస్టిక్ శిథిలాలు అంతకంటె అందంగానూ, అంతకంటె న్యాయంగానూ ఉంటాయనీ ఆ వాదం. మన అభ్యుదయ మిత్రుల్లో ఇంకొక వాదం ఎప్పటినుంచో ఉన్నది. అసలు ఆ ఆటే యుద్ధోన్మాదానికి పసితనమనీ, దాని గోడలు చేత్తో కట్టినా యంత్రంతో కట్టినా మనకు పట్టవలసిన పని లేదనీ ఆ వాదం. మొదటివారికి ఆట తెలుసు గాని సమాజం పట్టదు. రెండవవారికి సమాజం తెలుసు గాని ఆట ఎన్నడూ చూడలేదు. ఇద్దరూ తమకు తెలియకుండానే ఒకే పక్షానికి సాయపడుతున్నారు. అది అమ్మేవాడి పక్షం.

ఆట ఎరగని పాఠకుల కోసం ముందు రెండు మాటలు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్ల అనుకోండి. దానికి అటూ ఇటూ రెండు సేనలు. ఒక్కొక్క బొమ్మ అంగుళం పైచిలుకు ఎత్తు. టేపుతో అంగుళాలు కొలిచి బొమ్మలను కదుపుతారు; పాచికలు వేసి ఎవరు చచ్చిందీ ఎవరు బతికిందీ తేలుస్తారు. ఈ సేనల నడుమ కొండలు, గోడలు, గొట్టాలు, కర్మాగారాలు, కూలిన మేడలు ఉంటాయి. వీటన్నిటినీ కలిపి ఇంగ్లీషువాళ్లు టెర్రెయిన్ అంటారు. నేనిక్కడ నేల అంటాను. ఈ నేల అలంకారం కాదు. ఖాళీ బల్లమీద దూరం కొట్టగల తుపాకులున్నవాడు మొదటి రెండు వంతుల్లోనే అవతలివాణ్ణి తుడిచిపెడతాడు. చూపుకు అడ్డంగా గోడ ఉన్నప్పుడే బలహీనుడి ఎత్తుగడకు చోటు దొరుకుతుంది. కాబట్టి నేలను ఎవరు కడుతున్నారన్న ప్రశ్న ఆటకు బయటి ప్రశ్న కాదు.

నేను ముఖ్యంగా వైజ్ఞానిక కల్పనకు చెందిన ఆటలను గురించి రాస్తున్నాను. గతకాలపు యుద్ధాలు ఆడేవాడికి వాటర్లూ మైదానం ఎలా ఉండేదో పటం చెబుతుంది. భవిష్యత్తుకు పటం లేదు. అది కట్టేవాడి చేతిలో ఉన్నది.

ఈ పని నేను చేసినవాణ్ణి గనుక ఎలా చేస్తారో వివరంగానే చెబుతాను. ముఖ్యమైన సరుకు, చలిదేశాల్లో ఇంటి గోడలకు చలి సోకకుండా బిగించే గట్టి ఫోమ్ పలక. మనం టీవీ పెట్టెల్లో చూసే థర్మోకోల్ గింజలు గింజలుగా రాలిపోతుంది. ఈ పలక రాలదు. కత్తికి పదునుంటే చాలు, వెన్నలా తెగుతుంది. పెన్సిల్ మొనతో ఒత్తి గీస్తే ఇటుకల వరస పడుతుంది. రోడ్డుపక్క రాయి ఒకటి తెచ్చి అద్దితే కాంక్రీటు గరుకుదనం వస్తుంది. బారు కోతలకు విద్యుత్తుతో వేడెక్కే సన్నని తీగ వాడతారు. ఆ పొగలో స్టైరీన్ ఉంటుంది గనుక కిటికీలు తెరవకుండా ఆ పని చేయరాదు. పలకమీద నేరుగా స్ప్రే రంగు కొడితే అందులోని ద్రావకం ఫోమ్‌ను తినేస్తుంది. మశూచి మొహంలా గుంటలు పడతాయి. అందుకని ముందు ఫెవికాల్ వంటి తెల్ల జిగురులో నల్లరంగు కలిపి అంతటా పట్టించాలి. అది ఆరాక ముదురు బూడిదరంగు. దానిమీద, కుంచెను గుడ్డకు తుడిచి దాదాపు పొడిగా చేసి, లేతరంగు తేలికగా ఆడిస్తే పైకి తేలిన అంచులు మాత్రమే ఆ రంగు పట్టుకుంటాయి. అక్కడక్కడ ఇటుకపొడి రంగు నీళ్లలో పలచన చేసి కారనిస్తే వందేళ్ల తుప్పు పది నిమిషాల్లో వస్తుంది.

యంత్రాలు కావాలంటే చెత్తబుట్ట ఉండనే ఉన్నది. పెరుగు కప్పు బోర్లిస్తే ఇంధనపు తొట్టి. ముడతల అట్టకు పైకాగితం ఒలిస్తే రేకుల కప్పు. మందుబిళ్లలు అయిపోయిన ప్లాస్టిక్ అట్టను నిలబెడితే ఏదో తెలియని యంత్రానికి మూతలు. బొమ్మల ముక్కలు విరుచుకున్నాక మిగిలే ప్లాస్టిక్ చట్రాన్ని స్ప్రూ అంటారు. దాన్ని కోస్తే దూలాలూ గొట్టాలూ కావలసినన్ని. సినిమావాళ్లు చేసిందీ ఇదే. 1977లో వచ్చిన స్టార్ వార్స్ చిత్రంలో ఆకాశనౌకల ఒంటినిండా కనిపించే యంత్రభాగాల్లో చాలావరకు దుకాణాల్లో అమ్మే టాంకుల, విమానాల మోడల్ కిట్లలోనుంచి తీసి అంటించినవి. ప్రేక్షకులు చూసి నివ్వెరపోయిన భవిష్యత్తు పాత యుద్ధాల ముక్కలతో కట్టినది.

ఇందులో నాకు విలువైనదిగా తోచేది పొదుపు కాదు. కొన్న వస్తువు ధర అయిపోయి, పని అయిపోయి, పారేయవలసిన దశకు వచ్చినప్పుడు దాని ఆకారం మొదటిసారి కంటికి ఆనుతుంది. పెరుగు తిన్నంతసేపూ కప్పును ఎవరూ చూడరు. కట్టేవాడు చూస్తాడు. సరుకుల ప్రపంచం మనిషి కంటికి కట్టిన గంతను ఈ పని కొంచెం పక్కకు జరుపుతుంది. దీన్ని పిల్లచేష్ట అనేవారు ఒకసారి చేసి చూడాలని నా మనవి.

పోతే, ఆస్తి విషయం. సేనలు ఎవరివి వారివే. డబ్బు పెట్టి కొని, రంగులు వేసుకుని, పెట్టెలో తెచ్చి పెట్టెలో తీసుకుపోతారు. నేల అలా కాదు. బ్రిటన్‌లో ఈ ఆటను చర్చి హాళ్లలోనూ, కమ్యూనిటీ హాళ్లలోనూ, సాయంకాలానికి అద్దెకు తీసుకున్న గదుల్లోనూ క్లబ్బులుగా కూడి ఆడతారు. క్లబ్బు బీరువాలో ఉండే కొండలూ గోడలూ క్లబ్బువి. ఒకడు పలకలు కోస్తాడు, ఇంకొకడు ఇసుక అంటిస్తాడు, రంగు చేతకానివాడు ఆరబెడతాడు. ఆ నేలమీద ఎవరైనా ఆడవచ్చు. కట్టినవాడికి కూడా తాను కట్టిన గోడవెనకే ఓడిపోయే అవకాశం అందరితో సమానంగా ఉంటుంది. సేనలు సొంత ఆస్తి, నేల ఉమ్మడి ఆస్తి: ఈ ఆట పుట్టినప్పటినుంచీ నడిచిన రాయని ఒప్పందం ఇది. ఇప్పుడు భంగపడుతున్నది ఈ ఒప్పందమే.

నాటింగ్‌హామ్‌షైర్‌లో లాక్స్‌టన్ అనే గ్రామం ఉన్నది. 18, 19 శతాబ్దాల్లో ఇంగ్లండు పార్లమెంటు చట్టాలు చేసి పల్లె పొలాలకు కంచెలు వేయించి, బీదరైతుల ఉమ్మడి హక్కులను ఊడబెరికిన కాలంలో ఆ కంచెను తప్పించుకుని, గట్లులేని పొలాల పద్ధతిని ఈనాటికీ నిలుపుకున్న అతి కొద్ది చోట్లలో అది ఒకటి. అదే కౌంటీలో నాటింగ్‌హామ్ నగరం. బొమ్మల యుద్ధాల వ్యాపారాన్ని ఏలుతున్న గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీకి ప్రధాన కార్యాలయమూ కర్మాగారమూ ఆ నగరంలోనే ఉన్నాయి. ఇది కాకతాళీయమే. అయినా ఇంత చక్కగా కుదిరిన పోలికను వదులుకునేటంత వైరాగ్యం నాకు లేదు.

చరిత్రలోకి కొంచెం పోదాం. 1812లో రైస్విట్జ్ అనే ఆయన ప్రష్యా రాజుకు ఒక యుద్ధక్రీడా బల్లను సమర్పించాడు. నదులు, కొండలు, అడవులు, ఊళ్లు ప్లాస్టర్ పలకలుగా చేసి, ఎటు కావాలంటే అటు పేర్చుకునే ఏర్పాటు అది. 1824లో ఆయన కొడుకు ఆ ఆటను సంస్కరించి సైన్యానికి అప్పగించాడు. అప్పుడు ప్లాస్టర్ నేల మాయమై దాని స్థానంలో పటం వచ్చింది. ఈ మార్పు గమనించదగినది. సేనాధిపతికి కొండ అక్కరలేదు, కొండ ఎత్తు తెలిస్తే చాలు. ఆట నిజమైన యుద్ధానికి పనిముట్టు అయిన మరుక్షణం చేతిపని బయటికి పోయింది. దాన్ని మళ్లీ లోపలికి తెచ్చినవాడు సైనికుడు కాదు, సోషలిస్టు రచయిత. 1913లో హెచ్. జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం రాశాడు. కొయ్య దిమ్మలూ, అట్టతో చేసిన ఇళ్లూ, తోటలో తుంచిన కొమ్మలే చెట్లూ ఆయన నేల. బొమ్మల యుద్ధం నాలుగుసార్లు ఆడినవాడికి నిజమైన యుద్ధం ఎంత తెలివిమాలిన పనో బోధపడుతుందని ఆయన ఆశ. మరుసటి ఏడే ప్రపంచయుద్ధం వచ్చింది. ఆయన ఆశ ఫలించలేదు. కాని యుద్ధబొమ్మలు పట్టుకున్న ప్రతివాడూ యుద్ధోన్మాది కాడనడానికి ఆయన పుస్తకం ఒక్కటి చాలు.

గేమ్స్ వర్క్‌షాప్‌ను 1975లో ముగ్గురు మిత్రులు లండన్‌లో ప్రారంభించారు. తొలుత వాళ్లు చేసి అమ్మినవి కొయ్య ఆటపలకలు. 1977లో ‘వైట్ డ్వార్ఫ్’ పత్రిక పెట్టారు. 1987లో రిక్ ప్రీస్ట్‌లీ రచించిన ‘వార్‌హామర్ 40,000’ ఆట వచ్చింది. ఆ రోజుల్లో ఆ పత్రిక పాఠకులకు ఏమి నేర్పేదో తెలుసునా? ఖాళీ డియోడరెంట్ డబ్బాను అడ్డంగా పడుకోబెట్టి, గాలిలో తేలే యుద్ధవాహనం ఎలా చేయాలో నేర్పేది. ఆ డబ్బా వాహనం కథ ఈనాటికీ పాత ఆటగాళ్లు నవ్వుతూ చెప్పుకుంటారు. 1995లో వచ్చిన ‘నెక్రోముండా’ అనే ఆటపెట్టెలో అట్టగోడలూ, వాటిని నిలబెట్టే ప్లాస్టిక్ ముక్కలూ ఇచ్చారు. అంతస్తు మీద అంతస్తు మీరే లేపుకోండి అన్నారు. 2003లో కూడా యుద్ధభూములను స్వయంగా తయారు చేసుకునే విధానం చెప్పే పుస్తకాన్ని ఆ కంపెనీయే అచ్చువేసింది. తన సరుకు కాని ఫోమ్‌తో, అట్టతో, ఇసుకతో ఏమి చేయవచ్చో బొమ్మలమ్మే కంపెనీయే చెప్పిన కాలం అది.

తరువాత ఏమయింది? కంపెనీ 1994లో స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కింది. 2024 డిసెంబరులో లండన్ మార్కెట్‌లోని నూరు పెద్ద కంపెనీల జాబితాలోకి చేరింది. 2025 జూన్ 1తో ముగిసిన సంవత్సరంలో దాని ఆదాయం 60 కోట్ల పౌండ్లు దాటింది, పన్నులకు ముందు లాభం 26 కోట్లు దాటింది. లాభంలో 2 కోట్ల పౌండ్లు ఉద్యోగులందరికీ పెద్దా చిన్నా తేడా లేకుండా సమానంగా పంచిందని కూడా చెప్పాలి. శత్రువు చేసిన మంచిపనిని దాచడం మన పద్ధతి కాదు. కాని ఒక కంపెనీ దయ వేరు, దాని నడకను శాసించే నియమం వేరు. ప్లాస్టిక్‌ను పోతపోసే ఉక్కు అచ్చు చేయడానికి బోలెడు ఖర్చు. అచ్చు తయారయ్యాక ఒక్కొక్క ముక్క తీయడానికి అయ్యేది స్వల్పం. కాబట్టి ఒకే గోడ వేలమంది బల్లలమీద నిలబడితేగాని అచ్చు ఖర్చు తీరి లాభం రాదు. వేలమంది ఒకే గోడ కొనాలంటే తన గోడ తాను కట్టుకునేవాడు తగ్గాలి. ఎవరో గదిలో కూర్చుని కుట్ర చేయనక్కరలేదు. అచ్చే ఆ పని చేయిస్తుంది.

అంతటితో ఆగలేదు. ఇదే కంపెనీ ‘ఏజ్ ఆఫ్ సిగ్మార్’ ఆటలో ఒక్కొక్క సేనకూ సొంత నేలముక్కను జతచేసి అమ్మడం మొదలుపెట్టింది. 2019లో వచ్చిన గ్లూమ్‌స్పైట్ గిట్స్ సేనకు చంద్రుడి మొహంతో ఒక గుడి; అది బల్లమీద ఉంటే ఆ సేనకు మాత్రమే బలం. అంటే గోడకు కూడా యజమాని వచ్చాడు. ఉమ్మడిగా ఉండిన నేలలో ఒక చెక్కను వేరుచేసి, పట్టా రాయించి, సేనతోపాటు పెట్టెలో పెట్టారు. నేను కంచె అంటున్నది ఊరికే కాదు.

కంపెనీ పక్షాన వాదించేవారి గట్టి వాదం పోటీలకు సంబంధించింది. ఆ వాదాన్ని దాని బలంతోనే చెబుతాను. నేల ఒక్కొక్క బల్లమీద ఒక్కొక్క రకంగా ఉంటే ఒకడికి అదృష్టం, ఇంకొకడికి దురదృష్టం. రెండు వందల మంది ఆడే పోటీలో అది అన్యాయం. అందుకని ఎల్ అక్షరం ఆకారంలో కూలిన గోడలు, ఒకే కొలతలతో, ఒకే పటం ప్రకారం అన్ని బల్లలమీదా పెట్టాలి. 2023లో వచ్చిన వార్‌హామర్ 40,000 పదవ కూర్పు కాలంలో ఇది దాదాపు శాసనమైపోయింది.

సమత్వం కావాలన్నది నాకూ సమ్మతమే. కాని సమత్వానికి ఏమి సమానంగా ఉండాలి? గోడ ఆక్రమించే జాగా కొలత, గోడ ఎత్తు, చూపును ఆపుతుందా లేదా అన్నది: ఈ మూడూ సమానంగా ఉంటే చాలు. జాగాను ఏ పలకతోనైనా కోయవచ్చు. దానిమీద లేచేది కూలిన చర్చి కావచ్చు, బియ్యపు గోదాము కావచ్చు, ఆసుపత్రి కావచ్చు. ఆటకు తేడా రాదు. కొలతను ప్రకటిస్తే చాలినచోట పెట్టెను అమ్ముతున్నారు. న్యాయం పేరుతో జరుగుతున్నది సరుకుల ఏకరూపత. ఇందులో ఇంకొక తమాషా ఉన్నది. బల్లలన్నీ ఒకటే అయ్యాక ఆటగాడు నేలను చూడటం మానేశాడు. మూడో గోడ పక్కన, రెండో మూల అని కంఠస్థం చేసి వస్తున్నాడు. రైస్విట్జ్ కొడుకు చేసిన పని మళ్లీ జరిగింది. కొండ పోయి పటం వచ్చింది.

ఇంత మాట్లాడితే నన్ను లడ్డైటు అంటారు. అననివ్వండి. 1811లో నాటింగ్‌హామ్‌షైర్‌లో మగ్గాలు పగలగొట్టిన ఆ మేజోళ్ల పనివారు యంత్రద్వేషులు కారు. వాళ్లే యంత్రాలమీద బతికినవాళ్లు. వెడల్పు బట్ట నేసి, కోసి, కుట్టి, నాసిరకం మేజోళ్లను తక్కువ కూలికి చేయించే యజమానుల మగ్గాలను ఏరి పగలగొట్టారు. మరుసటి ఏడు వాళ్లకు ఉరిశిక్ష వేసే బిల్లు ప్రభువుల సభలోకి వస్తే దానికి వ్యతిరేకంగా మాట్లాడినవాడు కవి బైరన్. నాకూ యంత్రంతో తగాదా లేదు. త్రీడీ ప్రింటరు ఇంట్లోకి వచ్చింది, సంతోషం. కాని దానితో ఏమి చేస్తున్నారు? కంపెనీ గోడను పోలిన గోడను ఇంకొకడి దగ్గర ఫైలు కొని ముద్రించుకుంటున్నారు. యంత్రం మారింది, ఊహ మారలేదు.

ఊహ మాట వచ్చింది గనుక అసలు విషయానికి వస్తాను. ఇక్కడ నా విమర్శ కంపెనీమీద కంటె చేత్తో కట్టేవారిమీదనే ఎక్కువ. చెత్తతో కట్టండి, ఫోమ్‌తో కట్టండి, ఏమి కడుతున్నారో చూడండి. కూలిన గోడ. మళ్లీ కూలిన గోడ. కోసుగా లేచిన గోతిక్ కిటికీ, దానికింద పుర్రె, దానిపక్క తుప్పుపట్టిన గొట్టం. 28 మిల్లీమీటర్ల బొమ్మను మనిషి అనుకుంటే ఆరంగుళాల గోడ సుమారు 28 అడుగుల మేడ. దానికి మెట్లు అరుదు. వంటిల్లు లేదు. నీటికుండీ లేదు. పక్క వేసుకునే చోటు లేదు. ఈ మేడలో ఎప్పుడైనా ఎవరైనా బతికారా? బతకలేదు. కూలడానికే కట్టిన మేడ అది.

దీనికి ఒక సాంకేతిక కారణం ఉన్నది, ఒప్పుకుంటాను. కప్పు ఉన్న ఇంట్లోకి చేయి దూరదు. బొమ్మను లోపల నిలబెట్టాలంటే ఒకవైపు తెరిచి ఉండాలి. కూలిన ఇల్లు ఆడుకోవడానికి అనువు. కాని కప్పు ఊడివచ్చేట్టు కట్టుకోవచ్చు. ఆ పని తెలిసినవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నారు. కాబట్టి సాంకేతిక కారణం సాకు మాత్రమే. అసలు కారణం ఆ కల్పనలోనే ఉన్నది. వార్‌హామర్ 40,000 లోకంలో మానవజాతిని కదలలేని ఒక చక్రవర్తి సింహాసనం నుంచి ఏలుతుంటాడు. యుద్ధం తప్ప ఇంకేమీ లేదు, ఉండబోదు. ఇది నియంతృత్వంమీద వ్యంగ్యమేగాని ప్రశంస కాదని 2021లో కంపెనీ ప్రకటన కూడా చేయవలసి వచ్చింది. వ్యంగ్యమని సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చిందంటేనే అది వ్యంగ్యంగా అందరికీ అందడం లేదన్నమాట.

ఆ కల్పన పుట్టిన చోటు చూడండి. 1984–85 బొగ్గుగని కార్మికుల సమ్మె ఓడిపోయి రెండేళ్లయింది. నాటింగ్‌హామ్‌షైర్ గనివారిలో ఎక్కువమంది ఆ సమ్మెలో చేరక పని చేశారు. వేరే సంఘం కూడా పెట్టుకున్నారు. అయినా వాళ్ల గనులు మిగల్లేదు. చివరి గని థోర్స్‌బీ 2015లో మూతపడింది. మన తాతలు ముచ్చటపడి తొక్కిన రాలీ సైకిలు ఆ నాటింగ్‌హామ్‌దే. అక్కడ దాని తయారీ 2002లో ఆగిపోయింది. మూతపడ్డ కర్మాగారం, తుప్పుపట్టిన గొట్టం, కూలిన గోడ ఆ దేశపు కుర్రవాళ్లకు వైజ్ఞానిక కల్పన కాదు, బస్సు కిటికీలోంచి కనిపించిన దృశ్యం. ఇది నా అన్వయం. ఎవరూ ఇలా చెప్పుకోలేదు కనుకనే నేను చెబుతున్నాను. తమ ఊరు కూలిన దృశ్యాన్ని 41వ సహస్రాబ్దికి తీసుకుపోయి, దాన్ని దెయ్యాలూ గ్రహాంతరవాసులూ కూల్చినట్టు పెట్టుకున్నారు. తుప్పు ఎంత నేర్పుగా వేస్తారో! ఒక్కొక్క మేకు కింద కారిన గోధుమరంగు చార కూడా వదలరు. కాని ఈ గోడను ఎవరు కూల్చారు, ఎవరి లాభానికి కూల్చారు అన్న ప్రశ్న ఆ చారల్లో ఎక్కడా కనబడదు. రంగులో వాస్తవికత ఉన్నది, దృష్టిలో లేదు. మన సాహిత్యంలో ఈ జబ్బును మనం ఎరుగుదుం. పేదవాడి చిరుగుచొక్కాను కుట్టుకుట్టుగా వర్ణించి, అది ఎందుకు చిరిగిందో చెప్పకుండా కథ ముగించేవారు మనకూ కొదవ లేదు.

తెలుగు ఇళ్లలో సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెడతారు. మెట్లమీద నిలిపే బొమ్మలు కొన్నవి, తరతరాలుగా దాచినవి. కాని మెట్లకింద నేల పిల్లలది. ఇసుక పోసి కొండ చేస్తారు. అద్దం పెట్టి చెరువు అంటారు. నాలుగు రోజుల ముందు మట్టిలో మెంతులో ఆవాలో చల్లి మొలకలు రాగానే అది పొలం. బావి, బజారు, బడి. పై మెట్టున దేవుళ్లు, కిందికి పోయినకొద్దీ పనివాళ్లు: ఆ వరస నాకు నచ్చదు, దాన్ని నేను సమర్థించను. నేను చెప్పేది మెట్లకింది నేల సంగతి. అక్కడ కూలిన గోడ ఒక్కటీ ఉండదు. మనుషులు ఎక్కడ నీళ్లు తోడుకుంటారో, ఏమి పండించుకు తింటారో ఆ పిల్లలకు కట్టక తప్పదని తోస్తుంది. అంతకు పదిరెట్లు నేర్పూ, ఇరవైరెట్లు పనిముట్లూ ఉన్న పెద్దవాళ్లకు నలభైవేల సంవత్సరాల తరువాతి మనిషికి ఒక బావి కట్టాలని తోచదు.

బావి కడితే యుద్ధం ఎలా అని అడుగుతారు. అప్పుడే కదా యుద్ధానికి అర్థం! శిథిలంలో పోట్లాడితే ఎవరికీ నష్టం లేదు. అన్నీ ముందే పోయాయి. మొలకలున్న గాజుగది, కప్పు ఊడివచ్చే కార్మికుల వసతిగృహం, ఆరబెట్టిన బట్టలు, నీళ్లు పంచే గొట్టాల కేంద్రం: వీటి నడుమ తుపాకి పేల్చవలసి వస్తే ఆటగాడి చేయి ఒక్క క్షణం ఆగుతుంది. బొమ్మల యుద్ధం నిజమైన యుద్ధాన్ని అసహ్యించుకునేట్టు చేయాలని వెల్స్ ఆశించాడు గదా. ఆ ఆశకు ఏమైనా దారి ఉంటే అది బొమ్మలలో లేదు, నేలలో ఉన్నది. యుద్ధబొమ్మలంటే ముఖం తిప్పుకునే మన మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి. శాంతిని గురించి మాట్లాడటానికి బల్లమీద ఉన్న ఒకే ఒక చోటును వాళ్లు చూడకుండానే అమ్మేవాడికి వదిలేస్తున్నారు.

ఈ పెట్టె ఈ గోడ కోసమే అని కంపెనీ ముందే నిర్ణయించి ఇచ్చినప్పుడు ఈ మార్పుకు వీలు లేదు. ముక్కలకు అంకెలు వేసి ఉంటాయి. ఒకటో అంకె ముక్కను రెండో అంకె ముక్కకు అంటించడమే పని. పెరుగు కప్పుమీద అంకె లేదు. అది చక్రవర్తి ఆయుధాగారం కావచ్చు, పాలకేంద్రం కావచ్చు. ఆ స్వేచ్ఛ చేతిలో ఉండి కూడా మన చేతిపనివారు కంపెనీ బొమ్మల పుస్తకం ముందు పెట్టుకుని దానికి నకలు తీస్తున్నారంటే, కంచె నేలమీద కంటె ముందు వాళ్ల మెదడులో పడిందని అర్థం.

ఇక మిగిలింది తీరిక మాట. చేత్తో కట్టుకోవడం చవక అనేవారు సగమే చెబుతున్నారు. డబ్బు తక్కువ పడుతుంది గాని కాలం ఎక్కువ పడుతుంది. పలకలు కోయడానికి గదీ, ఆరబెట్టడానికి జాగా కావాలి. వచ్చేవారం ఎన్ని గంటలు పని దొరుకుతుందో తెలియని గోదాము కూలీకి, ఒక గదిలో ముగ్గురితో కాపురం ఉండే కుర్రవాడికి పెట్టె కొనడమే సులువు. అతన్ని నేను తప్పుపట్టను. అతని పేరు చెప్పి పెట్టెను సమర్థించే తీరికగలవారిని తప్పుపడతాను. అతనికి గది లేకపోతే క్లబ్బుకు గది ఉన్నది. అతనికి రెండు గంటలే ఉంటే పదిమందికి ఇరవై గంటలు ఉన్నాయి.

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. పోటీలు నడిపేవారు పెట్టెల పేర్లు కాక కొలతలు మాత్రమే ప్రకటించాలి: జాగా ఇంత, ఎత్తు ఇంత, చూపు ఆగుతుంది లేక ఆగదు. క్లబ్బులు చందాలో కొంత భాగం ఫోమ్ పలకలకూ జిగురుకూ కేటాయించి, నెలకొక సాయంకాలం ఆట మాని కట్టడానికి కూర్చోవాలి. ఒక్కొక్క సేనకు సొంత నేలముక్కను ఇచ్చే నియమాన్ని స్నేహపూర్వకమైన ఆటల్లో పాటించనక్కరలేదని ముందే అనుకోవాలి. అందుకు ఎవరి అనుమతీ అవసరం లేదు. కట్టేటప్పుడు బల్లకు ఒక్క నీటికుండీ, ఒక్క వంటిల్లు తప్పనిసరి చేసుకోవాలి. నీటికుండీకి పెరుగు కప్పు సరిపోతుంది. వంటింటి పొగగొట్టానికి స్ప్రూ ముక్క చాలు.